ఆ కుండ ఏ సమాధిలోది?

కిందటేడు ఎండాకాలంలో న్యూజెర్సీ నుంచి మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. వాళ్ల ఇంటికి దగ్గర్లో ఒక పెద్దావిడ చనిపోతే, ఆవిడ పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారట. అక్కడ దాన్ని ఎస్టేట్ సేల్ అంటారు. ఫోటోలో ఒక మట్టి కూజా ఉంది. మగమనిషి తల ఆకారం, ఎర్రమట్టి ముఖం, మీగడ రంగు తలపాగా. తల వెనక నుంచి రెండు గొట్టాలు లేచి, వంపు తిరిగి, పైన కలిసి ఒకే మూతి అయ్యాయి. పక్కన చిన్న చీటీ: కొలంబస్‌కి ముందు కాలంది, పెరూ, పదిహేను వందల ఏళ్ల నాటిది, 350 డాలర్లు. కింద వాడి మెసేజ్: "అన్నయ్యా, ఇది నిజందేనా? కొనొచ్చా? సాయంత్రం ఐదింటికి మూసేస్తారు."

నేను ఈ కుండల గురించి చాలా ఏళ్లుగా చదువుతున్నానని వాడికి తెలుసు. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పేస్తానని అనుకున్నాడు. చెప్పలేకపోయాను. ఎందుకంటే వాడు అడిగినవి రెండు ప్రశ్నలే అయినా వాటి వెనక మూడోది ఉంది. అసలుదా నకిలీదా అన్నది మొదటిది. కొనడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది రెండోది. ఆ కుండని భూమిలోంచి పైకి లాగినప్పుడు దాని చుట్టూ ఉన్నదేం పోయింది అన్నది మూడోది. ఈ మూడోది కొనేవాళ్లు సాధారణంగా అడగరు. నాకు మాత్రం అన్నిటికన్నా ముందు అదే గుర్తొస్తుంది. ఈ మూడూ ఒక తాడుకి పడిన మూడు ముడుల్లాంటివి. ఒకటి విప్పబోతే ఇంకోటి బిగుసుకుంటుంది.

ముందు ఆ కుండ సంగతి చెప్పాలి. పెరూ ఉత్తర తీరమంతా ఎడారి. ఆండీస్ కొండల నుంచి దిగే చిన్న నదుల వెంబడే పచ్చదనం, పొలాలు, ఊళ్లు. ఆ లోయల్లో సుమారు సా.శ. 100 నుంచి 800 దాకా వర్ధిల్లిన జనాన్ని ఇప్పుడు మోచే అని పిలుస్తున్నారు. వాళ్లకి లిపి లేదు. తమ గురించి వాళ్లు చెప్పుకున్నదంతా కుండల మీదా, గోడల మీదా, నగల మీదా చెప్పుకున్నారు.

కుమ్మరి అనగానే మన కళ్ల ముందు సారె తిరుగుతుంది. కొలంబస్ రాకముందు అమెరికా ఖండాల్లో ఎక్కడా కుమ్మరి సారె లేదు. మోచే కుమ్మరులు అచ్చులతో పని చేశారు. ముందు బొమ్మని మట్టితో నిండుగా చేస్తారు. దాని మీద తడిమట్టి అద్ది రెండు చెక్కలుగా అచ్చు తీసి కాలుస్తారు. ఆ అచ్చు లోపలికి మెత్తటి మట్టిని వేళ్లతో ఒత్తి, రెండు సగాలనీ బయటికి తీసి అతికిస్తారు. అతుకు కనబడకుండా బయట నునుపు చేస్తారు. తెల్లటి పూత, ఎర్రటి పూత పూసి, గులకరాయితో రుద్ది మెరుపు తెచ్చి కాలుస్తారు. కుండ బయటివైపు ఎంత నున్నగా ఉన్నా లోపలికి చెయ్యి పోదు కాబట్టి అక్కడ నునుపు చెయ్యలేరు. అందుకని పగిలిన మోచే కుండ లోపలివైపు చూస్తే మట్టిని ఒత్తిన వేళ్ల గుర్తులు అలాగే ఉంటాయి. పదిహేను వందల ఏళ్ల కిందటి ఒక మనిషి బొటనవేలు పడిన చోటు అది. ఆ మధ్య ఒక పెంకు ఫోటోని పెద్దది చేసి చూస్తూ, నా బొటనవేలిని తెర మీద ఆ గుంతకి ఆనించి చూసుకున్నాను.

రెండు గొట్టాలు కలిసే ఆ మూతిని రికాబు మూతి అంటారు. గుర్రం జీనుకి వేలాడే రికాబులా ఉంటుందని ఆ పేరు పెట్టారు. మోచే వాళ్లు గుర్రాన్ని చూడనైనా చూడలేదు. పేరు తర్వాతి వాళ్లది, ఆకారం మాత్రం మోచేకి కూడా ఎంతో ముందు నుంచి ఆ తీరంలో ఉన్నదే. ఈ మూతి ఆకారం కాలంతో పాటు ఎలా మారిందో చూసి, రఫాయెల్ లార్కో ఓయ్లే అనే పెరూ పండితుడు 1948లో మోచే కుండలని ఐదు దశలుగా విడగొట్టాడు. కొన్ని చోట్ల సవరణలు వచ్చినా ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

మా తమ్ముడు చూసినలాంటి తల కుండలు నిజమైన మనుషుల ముఖాలు. అమెరికా పరిశోధకుడు క్రిస్టఫర్ డొనాన్ దేశదేశాల మ్యూజియాల్లో, ఇళ్లల్లో ఉన్న వీటిని ఏళ్ల తరబడి ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ కనిపించాడు. పెదవి మీద గాటు మచ్చ ఉంది కాబట్టి అతన్ని గుర్తుపట్టడం తేలికైంది. ఆ ఒక్కడివే నలభైకి పైగా కుండలు తేలాయి. ఒకదానిలో పదేళ్ల కుర్రాడు, ఇంకోదానిలో నూనూగు మీసాల యువకుడు, మరోదానిలో ముప్ఫై దాటిన పెద్దమనిషి. పేరు తెలియదు, ఏ పదవిలో ఉన్నాడో తెలియదు. కానీ అతను పెరగడం మనం చూడగలుగుతున్నాం.

మనుషులే కాదు, వాళ్లు తిన్నవన్నీ కుండలయ్యాయి. మొక్కజొన్న పొత్తు కుండ, బంగాళాదుంప కుండ, కర్రపెండలం కుండ, మిరపకాయల కుండ. వేరుశనగ కాయల ఆకారాన్ని తొక్క మీది గీతలతో సహా దింపారు. మిరప లేని గుంటూరుని, వేరుశనగ లేని అనంతపురాన్ని ఇవాళ మనం ఊహించలేం. ఆ రెండు పంటలూ పుట్టింది అమెరికాలో. మన చేలకి రావడానికి వెయ్యేళ్ల ముందే ఎవరో వాటిని అంత ప్రేమగా మట్టిలో చేసి, చనిపోయిన వాళ్ల పక్కన పెట్టారు. నాకు ఈ కుండల మీద మనసు పడింది అక్కడే.

ఇక సమాధి సంగతి. 1987 ఫిబ్రవరిలో చిక్లాయో పట్నానికి దగ్గర్లో, సిపాన్ అనే పల్లె పక్కన, వాకా రహాదా అనే పాత మట్టి ఇటుకల దిబ్బని రాత్రిపూట కొందరు తవ్వారు. వాకా అంటే ఆండీస్ కొండల్లో మాట్లాడే క్వెచువా భాషలో పవిత్రస్థలం. ఆ దిబ్బలు తవ్వి సొమ్ము చేసుకునేవాళ్లకి వాకెరో అని పేరు. ఆ రాత్రి వాళ్లకి ఒక ధనిక సమాధి దొరికింది. బంగారం సంచుల్లో పోయింది. పంపకాల్లో గొడవ వచ్చి కబురు పోలీసులకి చేరింది. లంబాయెకేలోని బ్రూనింగ్ మ్యూజియం అధిపతి వాల్టర్ అల్వాని పిలిచారు. ఆయన మిగిలిన చోటుని కాపాడుకుంటూ, ఊరివాళ్ల కోపాన్ని తట్టుకుంటూ, అదే దిబ్బలో తవ్వకం మొదలుపెట్టాడు. కొన్ని నెలల తర్వాత ఎవరూ ముట్టని సమాధి బయటపడింది. సిపాన్ ప్రభువు అని ఇప్పుడు లోకమంతా పిలిచే మనిషి అందులో ఉన్నాడు.

ఆ సమాధిలో ఏం దొరికిందన్నదానికన్నా ఎలా దొరికిందన్నది చూడండి. మెడలో వేరుశనగ కాయల హారం ఉంది. పది కాయలు బంగారంవి, పది వెండివి. బంగారంవి కుడివైపు, వెండివి ఎడమవైపు. మిగతా నగల్లోనూ అదే వరస కనబడింది కాబట్టి, కుడి ఎడమలకి వాళ్లు ఏదో అర్థం చెప్పుకున్నారని తెలిసింది. పక్కన ఇంకా మనుషుల్ని పాతిపెట్టారు. ఒక కుక్క కూడా ఉంది. వెయ్యికి పైగా చిన్న మట్టికుండలు గుంపులుగా పేర్చి ఉన్నాయి. అదే హారం దొంగల చేతిలో పడి ఉంటే కాయలు విడివిడిగా పది చోట్లకి చేరేవి. కుడివైపుది ఏదో ఎడమవైపుది ఏదో ఇంక ఎవరూ చెప్పలేరు.

దీనికి వెనకటి కథ ఒకటి ఉంది. మోచే కుండల మీద సన్నటి గీతలతో గీసిన ఒక దృశ్యం పదే పదే వస్తుంది. చేతులు కట్టేసిన బందీలు, వాళ్ల గొంతు కోసేవాళ్లు, ఆ రక్తాన్ని పొడవాటి పాత్రలో పట్టి కిరణాలు చిమ్మే ఒక పెద్దమనిషికి అందించేవాళ్లు. అందులో ఒక ఆడమనిషి కూడా ఉంటుంది. వీళ్లంతా దేవతలో, పురాణపాత్రలో అని చాలాకాలం అనుకున్నారు. సిపాన్ ప్రభువుని చూశాక, ఆ కిరణాల మనిషి వేషమే ఇతని వేషమని డొనాన్, అల్వా గుర్తించారు. 1991లో సాన్ హోసె దె మోరో అనే చోట ఆ ఆడమనిషి అలంకారంతోనే, పక్కన ఆ పొడవాటి పాత్రతోనే ఒక స్త్రీ సమాధి దొరికింది. 1995 నుంచి వాకా దె లా లూనా అనే మోచే గుడి దిబ్బలో బలి అయినవాళ్ల ఎముకలు, కోతల గుర్తులతో సహా, డజన్ల కొద్దీ బయటపడ్డాయి. కుండ మీది బొమ్మలు పురాణం కాదు, నిజంగా జరిగిన తంతు అని అలా రుజువైంది. అప్పటికే ఆ దృశ్యమున్న కుండలు ప్రపంచమంతా అద్దాల బీరువాల్లో ఉన్నాయి. వాటిని ఎంత తిప్పి చూసినా ఈ సంగతి తేలలేదు. తేల్చింది చెదరని సమాధులు.

మూడో ప్రశ్న అంటే నా ఉద్దేశం ఇదే. సమాధిలో ఉన్న కుండకి చుట్టూ చుట్టాలుంటారు. పక్కనున్న ఎముక, కింద మట్టిపొర, లోపల ఎండిపోయిన గింజ, అటువైపు తిరిగి ఉన్న ముఖం. కుండని లాగేసిన క్షణంలో వాటితో సంబంధం తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. తర్వాత దాన్ని ఎంత పెద్ద మ్యూజియంలో పెట్టినా అది అందమైన వస్తువే తప్ప, ఎవరిది, ఎందుకు, ఎవరి పక్కన అన్నవాటికి జవాబు చెప్పలేదు.

వాకెరోలని తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ తవ్వకాలు వాళ్లతో మొదలవలేదు. 1600ల మొదట్లో స్పెయిన్ వాళ్లు బంగారం కోసం మోచే నదినే మళ్లించి, వాకా దెల్ సోల్ అనే బ్రహ్మాండమైన ఇటుకల గుడిని కడిగించేశారు. ఇవాళ నిలిచి ఉన్నది అందులో మూడో వంతు మాత్రమే. సమాధులు తవ్వుకోవడానికి అప్పటి ప్రభుత్వమే అనుమతులిచ్చి, దొరికినదాంట్లో రాజుకి వాటా తీసుకునేది. ఉత్తర తీరంలో గుడ్ ఫ్రైడే రోజుల్లో ఇంటిల్లిపాదీ వాకాలు తవ్వడానికి వెళ్లడం ఒక అలవాటుగా సాగింది. చెరకు తోటల్లో కూలి దొరకని రోజున ఇనుప చువ్వతో నేల గుచ్చి చూస్తూ తిరిగే మనిషికి, దొరికిన కుండ నాలుగు రోజుల బియ్యం. అదే కుండ చేతులు మారి న్యూయార్క్ చేరేసరికి దాని ధర ఆ మనిషి ఊహకి కూడా అందదు. మధ్యలో లాభమంతా తవ్వనివాళ్లది.

సేకరణలన్నీ పాపమే అని కూడా నేను అనను. ఇక్కడ విషయం కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని దాటవేయకూడదు. పెదవి మచ్చ మనిషిని డొనాన్ గుర్తుపట్టింది ఎక్కువగా దొంగ తవ్వకాల్లో బయటికొచ్చిన కుండలతోనే. లార్కో 1926లో పెట్టిన మ్యూజియంలో ఇప్పుడు దాదాపు 45,000 వస్తువులున్నాయి. కొన్ని ఆయన తవ్వినవి, చాలావరకు పాత సేకరణలని గుత్తగా కొన్నవి. లిమాలోని ఆ మ్యూజియంలో నిల్వ గదుల్ని కూడా జనానికి తెరిచి ఉంచుతారు. అరల నిండా వరసలు వరసలుగా తలలు, పక్షులు, దుంపలు. ఎక్కడెక్కడికో చెదిరిపోవాల్సినవి ఒకచోట ఉన్నాయంటే లార్కో లాంటివాళ్ల వల్లే. కాబట్టి ఎప్పుడో పైకి వచ్చేసినవాటిని కాపాడటం వేరు, ఇవాళ డబ్బిచ్చి కొనడం వేరు. ఇవాళ కొనేవాడు ఇచ్చే డబ్బు రేపు ఇంకో చువ్వని నేలలోకి దించుతుంది.

ఇక అసలుదా నకిలీదా. ఈ వ్యాపారంలో నకిలీలు ఇప్పటివి కావు. కొలంబియాలోని మెదెయిన్ నగరంలో అల్సాతే అనే కుటుంబం 19వ శతాబ్దం చివరి నుంచి పురాతన కుండలు అని చెప్పి సొంతంగా చేసి అమ్మింది. పాములూ, కప్పలూ, మనుషులూ పెనవేసుకున్న నల్లటి కుండలవి. ఊళ్లో పేరున్న సేకర్తలు కొన్నారు, విదేశీ మ్యూజియాలకీ చేరాయి. 20వ శతాబ్దం మొదట్లో పండితులకి అనుమానం వచ్చి గుట్టు బయటపడింది. చెక్కడాల్లో ఇకా రాళ్ల సంగతి ఇంకా విచిత్రం. పెరూ దక్షిణాన ఇకా ఊళ్లో హవియెర్ కబ్రేరా అనే డాక్టరు, డైనోసార్లతో మనుషులు తిరుగుతున్నట్టు చెక్కిన రాళ్లని వేలల్లో పోగుచేసి, అవి అతి ప్రాచీనమైనవని నమ్మాడు. వాటిలో చాలా చెక్కింది తానేనని బసీలియో ఉస్చూయా అనే రైతు ఒప్పుకున్నాడు. పత్రికల్లో బొమ్మలు చూసి చెక్కానన్నాడు. ఆ ఒప్పుకోలులో ఒక మెలిక ఉంది. పెరూలో పురాతన వస్తువులు అమ్మితే జైలు, సొంతంగా చెక్కినవి అమ్మితే తప్పు లేదు. కొనేవాడికి పాతవని చెప్పాలి, పోలీసులకి కొత్తవని చెప్పాలి. అమ్మకందారు మాట ఎటు నమ్మాలో తెలియని పరిస్థితి చట్టంలోంచే పుట్టింది.

మోచే కుండలతో ఇంకో చిక్కుంది. అచ్చులు కూడా సమాధుల్లో, పాత కుమ్మరి వాడల్లో దొరుకుతాయి. పాత అచ్చులో కొత్త మట్టి ఒత్తితే ముఖం సరిగ్గా పాతదే వస్తుంది. చూపుతో తేల్చడం నిపుణులకీ కష్టం. కొన్ని గుర్తులు మాత్రం సామాన్యుడికీ అందుతాయి. పల్చటి మట్టిని ప్లాస్టర్ అచ్చులో పోసి చేసిన దుకాణం సరుకైతే లోపల అంతా ఒకే మందంతో నున్నగా ఉంటుంది, వేళ్ల గుర్తులుండవు. సమాధి మట్టి అంటూ సందుల్లో గట్టిగా అంటుకున్న బురద తడిగుడ్డకి ఊడొస్తే, అది జిగురుతో అద్దినదై ఉండొచ్చు. రంగు సంగతీ అంతే. పెరూ దక్షిణ తీరంలో బతికిన నాస్కా జనం కుండలకి రంగులు కాల్చకముందే పూతగా పూసి కాల్చారు, అవి రాలవు. వాళ్లకి ముందరి పరాకాస్ వాళ్లు కాల్చాక జిగురు కలిపిన రంగులు నింపారు, అవి పెళుసుగా రాలిపోతాయి. నాస్కాది అని చెప్పిన కుండ రంగు దూదికి అంటుకుంటే అనుమానించాల్సిందే. మోచే తర్వాత ఉత్తర తీరాన్ని ఏలిన చిమూ వాళ్ల నల్లకుండల నలుపు పూత కాదు. ఆవంలో గాలి ఆడకుండా మూసి పొగ పట్టించిన నలుపు అది, మన నల్లకుండల్లాగే.

నమ్మకమైన పరీక్ష ఒకటుంది. మట్టిలోని ఇసుక రేణువులు చుట్టూ ఉన్న సహజ రేడియేషన్‌ని కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి దాచుకుంటాయి. కుండని కాల్చినప్పుడు ఆ నిల్వ సున్నా అవుతుంది, ఆ రోజు నుంచి మళ్లీ పోగవుతుంది. కుండ అడుగున సన్నటి రంధ్రం వేసి, కాస్త పొడి తీసి వేడి చేస్తే ఆ నిల్వ సన్నటి వెలుగుగా బయటికొస్తుంది. ఎక్కువ వెలుగు వస్తే ఎక్కువ కాలం. దీన్ని థర్మోల్యూమినిసెన్స్ అంటారు. సంవత్సరం కచ్చితంగా రాదు గానీ, పోయినేడు కాల్చిందా వెయ్యేళ్ల కిందట కాల్చిందా అన్నది తేలుతుంది. అయితే పొడి తీసిన చోటు గురించే అది చెబుతుంది. పాత కుండ అడుగుకి కొత్త పైభాగం అతికించి అమ్మేవాళ్లున్నారు. రాతి చెక్కడాలకి ఈ పరీక్ష పనికే రాదు, ఎందుకంటే వాటిని ఎవరూ కాల్చలేదు.

ఇక్కడే మొదటి ముడి రెండోదాన్ని బిగిస్తుంది. కుండ అసలుదని అన్నిటికన్నా గట్టిగా చెప్పగలిగేది ఏది? ఫలానా సమాధిలోంచి, ఫలానా రోజున తీశారన్న సమాచారం. కానీ అది చెప్పగలిగేవాడు తవ్విన దొంగ, వాడు చెప్తే నేరం ఒప్పుకున్నట్టే. అందుకే బజారులో తిరిగే కుండకి ఊరూ పేరూ ఉండవు. ఒక పాత యూరప్ సేకరణ నుంచి అని మాత్రం రాస్తారు. ఆ మాటని నకిలీ అమ్మేవాడూ రాస్తాడు, దొంగసరుకు అమ్మేవాడూ రాస్తాడు, నిజాయితీపరుడూ రాస్తాడు.

చట్టం సంగతికొస్తే, పెరూలో పురాతన వస్తువులు దేశం దాటకూడదన్న నియమం 1822 నుంచీ ఉంది. 1929లో చేసిన చట్టం, భూమిలో ఉన్న కొలంబస్ ముందరి వస్తువులు ప్రభుత్వానివేనని చెప్పింది. అంటే ఆ తర్వాత తవ్వి తీసినది ఏదైనా పెరూ లెక్కలో దొంగసొత్తే. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది కదా, మరి విదేశీ కోర్టులో ఏమైంది? 1980ల చివర్లో కాలిఫోర్నియాలో ఒక సేకర్త ఇంట్లో కస్టమ్స్ అధికారులు పట్టుకున్న 89 వస్తువులు తమవేనని పెరూ దావా వేసింది. 1989లో ఓడిపోయింది. ఆ కాలపు సంస్కృతులు ఇప్పటి సరిహద్దులు చూసుకుని బతకలేదు, కాబట్టి ఫలానా కుండ ఇప్పటి పెరూ నేలలోంచే వచ్చిందని, బొలీవియా నుంచో ఈక్వడార్ నుంచో కాదని, ఎలా నమ్మాలి అంది కోర్టు. ఏ సంవత్సరంలో దేశం దాటిందో రుజువు లేదంది. పెరూ చట్టం నిజంగా యాజమాన్యం గురించా, ఎగుమతి ఆపడం గురించా అన్నదీ స్పష్టంగా లేదంది. రహస్యంగా తవ్వినదానికి తవ్విన చోటు, తేదీ చూపించమనడం నా దృష్టిలో న్యాయం కాదు. దొంగతనం ఎంత గుట్టుగా జరిగితే అంత రక్షణ అన్నట్టవుతుంది.

ఇలాంటి కంతలు పూడ్చడానికే దేశాల మధ్య ఒప్పందాలు వచ్చాయి. పురాతన వస్తువుల దొంగ రవాణాని ఆపడానికి యునెస్కో 1970లో చేసిన ఒప్పందం పునాది. దాన్నిబట్టి అమెరికా 1983లో సొంత చట్టం చేసుకుంది. 1990లో సిపాన్ వస్తువుల దిగుమతిని అత్యవసరంగా ఆపింది, 1997లో పెరూ పురాతన వస్తువులన్నిటికీ దాన్ని విస్తరించింది. తర్వాత బొలీవియా, కొలంబియా, ఈక్వడార్, చిలీలతోనూ అలాంటివి కుదిరాయి. ఈ పద్ధతిలో రుజువు భారం తిరగబడింది. జాబితాలో ఉన్న రకం వస్తువు పెరూ అనుమతి కాగితం లేకుండా వస్తే, నిషేధానికి ముందే పెరూ దాటిందని తెచ్చినవాడు చూపించాలి. పెద్ద రాతి చెక్కడాలకీ గోడ చిత్రాలకీ అమెరికాలో 1972 నుంచే విడిగా ఒక చట్టముంది. కుండలు దాని కిందికి రావు. అందుకే చెక్కడాలకన్నా కుండలు ఇంకా చాలా ఏళ్లు స్వేచ్ఛగా చేతులు మారాయి.

మా తమ్ముడి కుండకి ఇదెలా వర్తిస్తుంది? ఆ పెద్దావిడ 1960ల్లో లిమా వెళ్లి కొని తెచ్చుకుని, ఆ సంగతికి ఒక రసీదో, ఇంట్లో కుండ కనబడే పాత ఫోటోనో ఉంటే, అమెరికా దిగుమతి నిషేధం దాన్ని తాకదు. పెరూ మాత్రం 1929 చట్టం చూపించి అది తమదే అంటుంది. ఇద్దరి మాటకీ చట్టంలో ఆధారం ఉంది. అదే కుండ 2005లో సూట్‌కేసులో వచ్చి ఉంటే ఎప్పుడైనా జప్తు చేయొచ్చు, కొన్నవాడి డబ్బు గోవిందా. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. తేడా ఒక్క కాగితంలో ఉంది.

వాడికి ఇంకో సంగతి కూడా చెప్పాను. సిపాన్ దిబ్బలోంచి దొంగలు ఎత్తుకుపోయిన వస్తువుల్లో యోధుడి నడుం వెనక కట్టే బంగారు రేకు ఒకటుంది. అది పదేళ్ల తర్వాత అమెరికాలో తేలింది. 1.6 మిలియన్ డాలర్లకి అమ్మబోయినవాళ్లు, కొనేవాడి వేషంలో ఉన్న ఎఫ్‌బీఐ మనిషిని మొదట కలిసింది న్యూజెర్సీ టర్న్‌పైక్ రోడ్డు మీది ఒక విశ్రాంతి స్థలంలో. వాడు రోజూ ఆఫీసుకి వెళ్లే రోడ్డే. 1997 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో ఆ రేకుని పనామా దౌత్యవేత్త కారులో తెచ్చారు. అక్కడే పట్టుకున్నారు. 1998లో అది పెరూ చేరింది. సిపాన్ ప్రభువు సమాధిలో సరిగ్గా అలాంటిదే దొరికింది కాబట్టి దాని పుట్టిల్లు గురించి అనుమానం రాలేదు. అల్వా దాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

మనకిది పరాయి కథ కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలం నుంచి దొంగిలించిన సున్నపురాతి శిల్పం ఒకటి న్యూయార్క్ వ్యాపారి ద్వారా ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరి, 2016లో వెనక్కి వచ్చింది. అది ఒకప్పుడు చందవరంలో ఉందని చూపించగలిగారు కాబట్టే రాగలిగింది. ఎవరూ చూడకముందే సమాధిలోంచి పోయిన కుండకి ఆ అదృష్టం ఉండదు.

సాయంత్రం నాలుగింటికి వాడితో ఫోన్లో మాట్లాడాను. మూడు అడగమన్నాను: ఆవిడ దాన్ని ఎక్కడ, ఎప్పుడు కొన్నారు, ఏదైనా కాగితం ఉందా, ఇంట్లో ఎప్పటి నుంచి ఉందో ఎవరైనా చెప్పగలరా. కూతురు దగ్గర ఏమీ లేదు. అమ్మ గూట్లో ఎప్పుడూ ఉండేదేమో, గుర్తు లేదు అందట. కుండని తిప్పి, మూతిలోంచి ఫోన్ లైటు వేసి చూడమంటే చూశాడు. "లోపల గరుకుగా ఉందన్నయ్యా, ఏవో గుంతలు గుంతలుగా ఉన్నాయి." ఆ మాటకి నా గుండె ఒక్కసారి కొట్టుకుంది. అది పాతదనడానికి అది చాలదు, పాత పద్ధతిలో ఒత్తిన కొత్త కుండకీ అలాగే ఉంటుంది. కానీ నిజమే అయి ఉంటే? ఆ ముఖం ఎవరి పక్కన ఎన్ని వందల ఏళ్లు పడుకుని ఉందో? వద్దు, కొనకురా అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే అన్నయ్యా" అని పెట్టేశాడు. ఆ కుండ ఆ రోజు ఎవరు కొన్నారో మాకు తెలియదు.

ఈ సంక్రాంతికి వాడు పెరూ ప్రయాణం పెట్టుకున్నాడు. వస్తూ ఒక కుండ తెచ్చుకున్నాడు. పియురా ప్రాంతంలో చులుకానాస్ అనే ఊరి కుమ్మరులు చేసింది. ఆ ఊరి పక్కనే వికుస్ అనే పాతకాలపు జనం సమాధులున్నాయి. 1960ల్లో దొంగలు వాటిని కుళ్లబొడిచారు. బయటపడిన కుండల మీద నలుపు నేపథ్యంలో తేలే తెల్లటి బొమ్మలు చూసి, ఇప్పటి కుమ్మరులు ఆ విద్యని మళ్లీ పట్టుకున్నారు. సారె వాడరు. లోపల గులకరాయి ఆనించి బయట చెక్కతో కొడుతూ కుండ పెంచుతారు. మన ఊళ్లలో కుమ్మరి పచ్చికుండని కొట్టి సాగదీసినట్టే. బొమ్మ రావాల్సిన చోట బురద పూసి, పొగ పట్టించి, చల్లారాక ఆ బురద గీకేస్తారు. పొగ తగలని చోట బొమ్మ మిగులుతుంది. ఆ పొగకి వాళ్లు కాల్చేది మామిడాకులు. మన దగ్గర నుంచి ఎన్నో చేతులు మారి అక్కడికి చేరిన చెట్టు అది.

ఎయిర్‌పోర్టులో ఇబ్బంది లేకుండా, ఇది పురాతన వస్తువు కాదని సాంస్కృతిక శాఖ ఇచ్చే కాగితం కూడా తీసుకున్నాడు. వీడియో కాల్‌లో కుండని తిరగేసి అడుగు చూపించాడు. కుమ్మరి తన పేరూ, ఊరి పేరూ, సంవత్సరం పచ్చిమట్టి మీద మేకుతో గీశాడు.